ఎవరు ఎవరిని కాదన్నారు: క్యాంపస్ వైఫైకి కలవని ఒక ల్యాప్‌టాప్ కేస్ స్టడీ

విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ విభాగంలో విద్యార్థుల, అధ్యాపకుల పరికరాలను క్యాంపస్ వైఫైకి కలిపి ఇవ్వడం నా పని. తరగతులు మొదలైన వారాల్లో మా బల్ల ముందుకు వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటిని పది నిమిషాల్లో కలిపి పంపేస్తాం. ఇక్కడ రాస్తున్నది అలా తేలని ఒక ల్యాప్‌టాప్ గురించి. దానికి రెండు రోజులు పట్టింది. అందులో మొదటి రోజంతా నేను తీసుకున్న తప్పుడు నిర్ణయం వల్ల పోయింది. ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో జరిగింది జరిగినట్టు వరుసగా నమోదు చేస్తున్నాను.

ల్యాప్‌టాప్ ఒక పీజీ విద్యార్థినిది, అందులో విండోస్ 11 ఉంది. సెలవులకు ముందు వరకు క్యాంపస్ వైఫై బాగానే పనిచేసిందనీ, సెలవుల నుంచి తిరిగి వచ్చాక ఒక్కసారి కూడా కలవలేదనీ ఆమె చెప్పారు. నెట్‌వర్క్ పేరు జాబితాలో కనిపిస్తుంది, నొక్కితే కాసేపు చక్రం తిరుగుతుంది, ఆ తరువాత ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేకపోతున్నామన్న ఒక్క వాక్యం వస్తుంది. అదే యూజర్‌నేమ్‌తో, అదే పాస్‌వర్డ్‌తో ఆమె ఫోన్ మాత్రం నా కళ్లముందే కలిసింది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ దానికి వెంటనే కలుస్తుంది. "కాకపోతే హాట్‌స్పాట్ మీద కొన్ని సైట్లు సురక్షితం కాదని చూపిస్తున్నాయి సార్, అది వేరే సంగతేమో" అని ఆమె మాటల మధ్యలో అన్నారు. అది వేరే సంగతే అనుకుని నేను రాసుకోలేదు. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అది.

ఫోన్ కలుస్తోంది కాబట్టి ఖాతా బాగుంది, సర్వర్ బాగుంది, వైఫై సంకేతం పంపే యాక్సెస్ పాయింట్ బాగుంది. మిగిలింది ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు లేదా దాని డ్రైవర్ అని నిర్ణయించుకున్నాను. ఆ తర్కంలో మొదటి సగం సరైనదే. రెండో సగమే తొందరపాటు. తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్ వేశాను, కార్డుకు విద్యుత్ ఆదా చేసే అమరికను తీసేశాను, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కాకుండా 2.4 మీద ప్రయత్నించాను, ఇంకో భవనంలోని యాక్సెస్ పాయింట్ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. ఎక్కడా మార్పు లేదు. నిజానికి సంకేత బలం మొదటి నుంచీ మైనస్ 58 డీబీఎం దగ్గర నిలకడగా ఉంది (ఈ కొలతలో సున్నాకు దగ్గరయ్యే కొద్దీ సంకేతం బలమైనది). మాటలు, వీడియోలు సాఫీగా సాగడానికి మైనస్ 67 చాలని ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. అంత బలమైన సంకేతం ఉన్నప్పుడు, హాట్‌స్పాట్ మీద అదే కార్డు చక్కగా పనిచేస్తున్నప్పుడు, రేడియోను అనుమానించడానికి నా దగ్గర ఆధారం లేదు. అలవాటు కొద్దీ అటు వెళ్లాను, అంతే.

మరుసటి రోజు ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టి, కలవడానికి జరిగిన ప్రతి ప్రయత్నమూ నమోదయ్యే సర్వర్ లాగ్ తెరిచాను. అందులో ఏమి చూశానో చెప్పే ముందు, ఇంట్లోని రౌటర్‌కు కలవడానికీ క్యాంపస్ వైఫైకి కలవడానికీ ఉన్న తేడాను వివరించాలి. ఈ కేసు మొత్తం ఆ తేడా మీదే నిలబడి ఉంది.

ఇంటి వైఫైలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, దాన్ని సరిచూసేది రౌటరే. క్యాంపస్‌లో ఎవరి ఖాతా వారిది. అక్కడ 2001లో తొలిసారి వెలువడిన 802.1ఎక్స్ అనే ప్రమాణం ప్రకారం ముగ్గురు పాల్గొంటారు: లోపలికి రాదలచిన ల్యాప్‌టాప్, గుమ్మం దగ్గర ఉండే యాక్సెస్ పాయింట్, లోపల కూర్చుని నిర్ణయం చెప్పే రేడియస్ సర్వర్. యాక్సెస్ పాయింట్‌కు పాస్‌వర్డ్ తెలియదు, తెలియనక్కరలేదు. అది ల్యాప్‌టాప్ మాటను సర్వర్‌కూ, సర్వర్ మాటను ల్యాప్‌టాప్‌కూ మోస్తుంది. మా క్యాంపస్‌లో వాడే పద్ధతి పీఈఏపీ, దాని లోపల ఎంఎస్‌చాప్ రెండో వర్షన్. ఇందులో మొదట సర్వర్ తన సర్టిఫికెట్ చూపించి తాను ఎవరో రుజువు చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌ను ల్యాప్‌టాప్ నమ్మిన తరువాతే ఇద్దరి మధ్య గుప్త సొరంగం ఏర్పడుతుంది, ఆ సొరంగంలోనే విద్యార్థి తన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో తానెవరో రుజువు చేసుకుంటారు. అంటే ఇక్కడ తనిఖీ రెండు వైపులా జరుగుతుంది: ముందు ల్యాప్‌టాప్ సర్వర్‌ను తనిఖీ చేస్తుంది, తరువాత సర్వర్ ల్యాప్‌టాప్‌ను తనిఖీ చేస్తుంది. ఇద్దరిలో ఎవరు కాదన్నా తెర మీద వచ్చే వాక్యం ఒకటే. ఈ సంగతి నాకు ఏళ్లుగా తెలుసు. అయినా మొదటి రోజు అడగవలసిన ప్రశ్న అడగలేదు.

లాగ్‌లో ఆమె ప్రయత్నాలను యూజర్‌నేమ్ ద్వారా వెతకడం కుదరదు. సొరంగం బయట కనిపించే పేరు మా అమరికలో అనామకంగా ఉంటుంది, అసలు పేరు లోపలే ఉంటుంది. అందుకని ల్యాప్‌టాప్ వైఫై కార్డు హార్డ్‌వేర్ చిరునామా తీసుకుని దానితో వెతికాను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ మధ్యకాలపు పరికరాలు అసలు చిరునామాకు బదులు యాదృచ్ఛిక చిరునామా వాడగలవు; ఆ అమరిక ఆన్‌లో ఉంటే మనం వెతికే చిరునామా లాగ్‌లో ఉండనే ఉండదు. ఈ ల్యాప్‌టాప్‌లో అది ఆఫ్‌లో ఉంది.

పదకొండు ప్రయత్నాలు దొరికాయి, పదకొండూ ఒకే చోట ఆగిపోయాయి. సర్వర్ తన సర్టిఫికెట్ పంపింది. ఆ తరువాత ల్యాప్‌టాప్ నుంచి జవాబు లేదు. తిరస్కరణ సందేశం ఒక్కటీ లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ సరిచూసే దశ వరకు ఒక్క ప్రయత్నమూ రాలేదు. దీనితో ప్రశ్న సగానికి సగం తగ్గింది: సర్వర్ ఈమెను కాదనలేదు, ల్యాప్‌టాపే సర్వర్‌ను కాదన్నది. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టించడం, మార్పించడం వంటివన్నీ ఇక అనవసరం.

సర్టిఫికెట్‌ను ఒక పరికరం నమ్మకపోవడానికి ఉండే కారణాలు ఎన్నో కావు. దాని మీద సంతకం చేసిన మూల సంస్థ పరికరానికి తెలియకపోవచ్చు, సర్టిఫికెట్‌లోని సర్వర్ పేరు ప్రొఫైల్‌లో, అంటే ఆ వైఫై కోసం పరికరంలో దాచిన అమరికల్లో, రాసిన పేరుతో కలవకపోవచ్చు, లేదా గడువు సరిపోకపోవచ్చు. మొదటి రెండూ చూశాను, సరిగానే ఉన్నాయి. గడువు విషయంలో నాకు అనుమానమే రాలేదు, ఎందుకంటే ఆ సర్టిఫికెట్‌ను కిందటి నెల సెలవుల్లో నేనే మార్చాను, దానికి ఇంకా చాలా కాలం ఉంది. అయినా వరుస తప్పకూడదని సర్టిఫికెట్‌ను ఆమె ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూస్తే, అది ఇంకా అమల్లోకి రాలేదని కనిపించింది. అప్పుడు తెర కింది మూలన ఉన్న తేదీ చదివాను. గంటలు, నిమిషాలు సరిగ్గా ఉన్నాయి, రోజు అంకె కూడా సరైనదే, నెల మాత్రం నాలుగు నెలలు వెనక ఉంది.

ఆమె ముందు రోజు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. సైట్లకు ఉండేవీ సర్టిఫికెట్లే. ఆ నాలుగు నెలల లోపు సర్టిఫికెట్ మార్చుకున్న సైట్లు ల్యాప్‌టాప్ లెక్కలో ఇంకా పుట్టని సర్టిఫికెట్లను చూపిస్తున్నట్టు, అంతకు ముందునుంచీ అదే సర్టిఫికెట్ వాడుతున్న సైట్లు మామూలుగా ఉన్నట్టు. "కొన్ని సైట్లు" అన్న ఆమె మాటలోనే రోగ నిర్ధారణ మొత్తం ఉంది. ఫోన్ తన సమయాన్ని మొబైల్ నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది రాలేదు.

తేదీ ఎందుకు మారిందని అడిగినప్పుడు ఆమె కాసేపు తటపటాయించారు. ప్రాజెక్టుకు కావలసిన ఒక సాఫ్ట్‌వేర్ ఉచిత గడువు అయిపోతే, తేదీ వెనక్కి జరిపితే ఇంకొన్నాళ్లు నడుస్తుందని ఎవరో చెప్పారట. సమయాన్ని తనంతట సరిచేసుకునే అమరికను ఆపి, నెల మార్చి, పని అయ్యాక ఆ సంగతే మరచిపోయారు. ఇలాంటివి అడిగేటప్పుడు మన గొంతులో మందలింపు వినపడితే నిజం బయటకు రాదు. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉన్న కంప్యూటర్లు వారి విభాగం ల్యాబ్‌లో ఉన్నాయని చెప్పాను, ఆమెకు ఆ సంగతి తెలియదు.

హాట్‌స్పాట్ మీద సమయాన్ని సరిచేశాం. సరైన సమయం నెట్‌వర్క్ నుంచి రావాలి, నెట్‌వర్క్‌లోకి రావాలంటే సమయం సరిగ్గా ఉండాలి. క్యాంపస్ వైఫై ఒక్కదాన్నే నమ్ముకున్న ల్యాప్‌టాప్‌కు ఈ ముడి దానంతట అది విడిపోదు. ఇంకో దారి లేనప్పుడు తేదీని చేత్తో మార్చాల్సిందే.

మళ్లీ ప్రయత్నించాం. అదే వాక్యం వచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది, నేను మాత్రం లాగ్ చూసి ఊరట చెందాను. ఈసారి సొరంగం ఏర్పడింది, లోపలి పేరు సర్వర్‌కు అందింది, సర్వర్ స్పష్టంగా తిరస్కరణ పంపింది. కాదన్నవారు మారారు. విండోస్‌లోని వైర్‌లెస్ లాగ్‌లో కూడా ఈ తేడా తెలుస్తుంది: 12013 సంఖ్య గల నమోదు కింద, ఈఏపీ (ఈ తనిఖీ సంభాషణ నడిచే పద్ధతి) వైఫల్యం అవతలి నుంచి స్పష్టంగా అందిందన్న కారణం ఉంటే కాదన్నది సర్వర్ అని అర్థం. సర్వర్ లాగ్ చూసే అనుమతి లేని సహాయకులు కనీసం దీన్ని చూడాలి.

లోపలి పేరు చూడగానే కారణం తెలిసింది. అక్కడ ఆమె విద్యార్థి సంఖ్య ఉండాల్సిన చోట ల్యాప్‌టాప్ పేరు, వెనక్కి వాలిన గీత, ఆమె విండోస్ లాగిన్ పేరు ఉన్నాయి. ఎంఎస్‌చాప్ అమరికల్లో విండోస్ లాగిన్ పేరునూ పాస్‌వర్డ్‌నూ తనంతట వాడుకోమనే ఒక గడి ఉంటుంది. కార్యాలయం ఇచ్చిన కంప్యూటర్లలో, రెండు ఖాతాలూ ఒకటే అయినప్పుడు, అది సదుపాయం. సొంత ల్యాప్‌టాప్‌లో దాన్ని టిక్ చేస్తే మన సర్వర్‌కు అసలు తెలియని పేరు వెళ్తుంది, పైగా పాస్‌వర్డ్ అడిగే పెట్టె కూడా రాదు. ఆ గడి ఎవరు టిక్ చేశారని అడిగితే, వైఫై కలవడం లేదని హాస్టల్లో ఒక స్నేహితుడు పాత ప్రొఫైల్ తీసేసి కొత్తది చేత్తో తయారుచేశాడని తెలిసింది. పాత ప్రొఫైల్‌లో దోషమేమీ లేదు. తేదీ తప్పు కారణంగా ఆగిన ల్యాప్‌టాప్‌కు ప్రొఫైల్ మార్చి చూశారు, దానితో రెండో దోషం పుట్టింది. వెళ్లినది సర్వర్‌కు తెలియని పేరు కావడం ఒక రకంగా మేలే చేసింది. ఆమె అసలు పేరుతో తప్పు పాస్‌వర్డ్ పదేపదే వెళ్లి ఉంటే ఖాతా తాళం పడి, పనిచేస్తున్న ఫోన్ కూడా ఆగిపోయేది.

గడి తీసేస్తే సరిపోయేది. అయినా నేను ఆ ప్రొఫైల్‌ను పూర్తిగా తొలగించి, మా విభాగం తయారుచేసిన ఇన్‌స్టాలర్‌తో కొత్తది వేయించాను. చేత్తో చేసిన ప్రొఫైల్‌లో ఏది ఉందో ఏది లేదో ఒక్కొక్కటీ సరిచూడటం కన్నా తెలిసిన దానితో మొదలుపెట్టడం మంచిది. అందులో నాలుగు సంగతులు కచ్చితంగా ఉండాలి: ఏ మూల సంస్థ సంతకాన్ని నమ్మాలి, సర్వర్ పేరు ఏమై ఉండాలి, బయట కనిపించే అనామక పేరు, లోపలి పద్ధతి. ఎడ్యురోమ్‌లో చేరిన విద్యాసంస్థలు ఇదే పనికి క్యాట్ అనే ఉమ్మడి సాధనం వాడుకుంటాయి. అక్కడ మన విద్యార్థి వేరే క్యాంపస్‌కు వెళ్లినా తన సంస్థ ఖాతాతోనే అక్కడి వైఫైకి కలుస్తారు కాబట్టి ప్రొఫైల్ సరిగ్గా ఉండటం ఇంకా ముఖ్యం.

ఈ నాలుగింటిలో మొదటి రెండింటి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో అతి సులువుగా దొరికే "పరిష్కారం" వాటిని తీసేయడమే. సర్వర్ సర్టిఫికెట్‌ను తనిఖీ చేయమనే ఒక్క టిక్ తీసేస్తే తేదీ తప్పుగా ఉన్నా ల్యాప్‌టాప్ ఆ దశ దాటిపోయేది. ఎందరో అనుభవజ్ఞులు అలా చేయడం చూశాను, మొదటి రోజు సాయంత్రం నాకూ ఆ ఆలోచన వచ్చింది. అలా చేస్తే ఆ ల్యాప్‌టాప్ మా నెట్‌వర్క్ పేరు పెట్టుకున్న ఏ యాక్సెస్ పాయింట్‌నైనా, దాని వెనుక ఉన్న ఏ సర్వర్‌నైనా నమ్మి పాస్‌వర్డ్ రుజువును అప్పగిస్తుంది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చిన్న పరికరం బ్యాగులో పెట్టుకుని గ్రంథాలయంలో కూర్చుంటే చాలు. ఎంఎస్‌చాప్ రెండో వర్షన్‌లో పాస్‌వర్డ్ నేరుగా వెళ్లదు, సవాలుకు జవాబు మాత్రమే వెళ్తుంది అని కొందరు ధైర్యం చెప్తారు. కానీ ఆ జవాబు చేజిక్కితే దాన్ని ఛేదించడం డెస్ అనే పాత గుప్తీకరణ పద్ధతిలోని 56 బిట్ల తాళంచెవి ఒక్కటి వెతకడానికి సమానమని 2012లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ నిరూపించారు. అంటే ఆ పద్ధతికి ఉన్న రక్షణ అంతా బయటి సొరంగమే, ఆ సొరంగానికి ఉన్న రక్షణ అంతా సర్టిఫికెట్ తనిఖీయే. క్యాంపస్ పాస్‌వర్డ్ అంటే వైఫై ఒక్కటే కాదు. అదే పాస్‌వర్డ్‌తో మెయిల్, మార్కులు, ఫీజు చెల్లింపు అన్నీ తెరుచుకుంటాయి. ఆండ్రాయిడ్ 11కు 2020 డిసెంబరులో వచ్చిన మార్పుతో తనిఖీ వద్దనే ఎంపికనే తీసేశారు. అప్పట్లో సహాయ కేంద్రాలకు పని పెరిగింది, అయినా అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

కొత్త ప్రొఫైల్‌తో ల్యాప్‌టాప్ కలిసింది. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, కలిసింది గానీ ఇంటర్నెట్ లేదని చూపించింది. ఇది తొందరగా తేలింది. ల్యాప్‌టాప్‌కు మా పరిధిలోని ఐపీ చిరునామా వచ్చింది, చిరునామా దొరకనప్పుడు ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకునే 169.254తో మొదలయ్యేది కాదు, కాబట్టి చిరునామాలు ఇచ్చే సర్వర్ దగ్గర ఇబ్బంది లేదు. బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే గేట్‌వే జవాబిస్తోంది. సైట్ పేర్లు మాత్రం తెలియడం లేదు. కార్డు అమరికల్లో, సైట్ పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ స్థానంలో, గూగుల్ బహిరంగ సర్వర్ చిరునామా 8.8.8.8 అని చేత్తో రాసి ఉంది. అదీ హాస్టల్లో చేసిన మరమ్మతే. మా ఫైర్‌వాల్ డీఎన్‌ఎస్ ప్రశ్నలను క్యాంపస్ సర్వర్లకు తప్ప బయటికి పోనివ్వదు, హాట్‌స్పాట్ మీద ఆ అడ్డు లేదు కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. దాన్ని తనంతట తీసుకునేలా మార్చగానే అన్నీ తెరుచుకున్నాయి.

ఇలా వైఫైకి కలవకపోవడం లైనక్స్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో కారణంతో జరుగుతుంది, దాన్నీ ఇక్కడే చెప్పడం సమంజసం. 2022 ఏప్రిల్‌లో లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 22.04, గుప్తీకరణ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో వచ్చినప్పుడు, సొరంగం కట్టే టీఎల్‌ఎస్ ప్రమాణాన్ని పాత పద్ధతిలో మాట్లాడే రేడియస్ సర్వర్లతో ఆ ల్యాప్‌టాప్‌లు సొరంగం కట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అక్కడా పాస్‌వర్డ్ దశకు ముందే ఆగుతుంది, అక్కడా కాదన్నది ల్యాప్‌టాపే. ల్యాప్‌టాప్‌లో పాత పద్ధతిని తిరిగి అనుమతించే మార్గం ఉంది గానీ, సర్వర్‌ను నవీకరించవలసిన బాధ్యత మనదైనప్పుడు విద్యార్థి ల్యాప్‌టాప్ రక్షణను తగ్గించడం న్యాయం కాదు.

ఈ కేసు తరువాత మా బల్ల మీది ఫిర్యాదు పత్రంలో రెండు గడులు చేర్చాం. ల్యాప్‌టాప్ తేదీ, నెల, సంవత్సరం విద్యార్థి చేత చదివించి రాయించడం ఒకటి. లాగ్ ప్రకారం కాదన్నది ఎవరో సహాయకులు రాయడం రెండోది. రెండో గడి నింపకుండా డ్రైవర్, ప్రొఫైల్, పాస్‌వర్డ్ ఏదీ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాం. సర్టిఫికెట్ మార్చే ముందు వారం పాటు నోటీసు పెట్టాలనీ, సెలవుల్లో మార్చకూడదనీ కూడా నిర్ణయించాం. అందరూ ఊళ్లో లేనప్పుడు మార్చడం నాకు సౌకర్యంగా అనిపించింది, కానీ తిరిగి వచ్చిన వారికి ఏది ఎప్పుడు మారిందో తెలిసే అవకాశం అందువల్లే పోయింది.

ఇంకా తీరని సమస్య ఒకటి ఉంది. తనిఖీ ఆపేసిన ల్యాప్‌టాప్‌లు మా క్యాంపస్‌లో ఎన్ని ఉన్నాయో లాగ్ చూసి కనిపెట్టలేం. తనిఖీ చేసి నమ్మిన ల్యాప్‌టాప్, గుడ్డిగా నమ్మిన ల్యాప్‌టాప్ రెండూ సర్వర్‌కు విజయవంతమైన లాగిన్‌గా ఒకేలా కనిపిస్తాయి. ఆ రెండో రకం వారికి ఏ ఇబ్బందీ రాదు కాబట్టి మా బల్ల దగ్గరికి ఎప్పుడూ రారు. అందుకే పాస్‌వర్డ్‌కు బదులు ప్రతి పరికరానికీ సొంత సర్టిఫికెట్ ఇచ్చే ఈఏపీ-టీఎల్‌ఎస్ పద్ధతికి మారాలని ప్రతిపాదన పెట్టాను. అందులో నకిలీ సర్వర్ చేతికి పాస్‌వర్డ్ చిక్కే ప్రమాదం ఉండదు. మొదటి విడతగా పీజీ విభాగాల ల్యాప్‌టాప్‌లతో ప్రయోగం మొదలుపెట్టాం, ఆమె ల్యాప్‌టాప్ అందులో ఒకటి.